విమానానికి కనీస మద్దతు ధర

కనీస మద్దతు ధరకు చట్టబద్ధమైన హామీ ఇవ్వడం ఈ దేశంలో సాధ్యం కాదని ఎవరన్నా అంటే నమ్మకండి. రెండేళ్ళ మూడు నెలల పాటు అది మన కళ్ళ ముందే అమలైంది. ప్రభుత్వం కట్టిన ధర కన్నా ఒక్క రూపాయి తక్కువకు అమ్మడానికి వీల్లేదు. బేరాల్లేవు, దళారుల్లేరు, తేమ శాతం చూసే మిషన్లు లేవు, తరుగు తీసే కాంటాలు లేవు. కాకపోతే ఆ ధర వడ్లకు కాదు. విమానంలో సీటుకు.

2020 మే 25న లాక్‌డౌన్ తర్వాత దేశీయ విమానాలు మళ్ళీ ఎగిరాయి. ప్రయాణ సమయాన్ని బట్టి రూట్లను ఏడు తరగతులు చేసి, ప్రతి తరగతికీ ఒక పై ధర, ఒక కింది ధర కట్టింది కేంద్రం. పై ధర ప్రయాణికుణ్ణి కాపాడడానికి. సంతోషం. మరి కింది ధర? కంపెనీని కాపాడడానికి. 40 నిమిషాల లోపు ప్రయాణానికి మొదట 2,000 రూపాయలుగా ఉన్న ఆ కనీస ధర మెట్టు మెట్టుగా ఎక్కి, 2021 ఆగస్టుకల్లా 2,900 అయింది. పదిహేను నెలల్లో 45 శాతం.

అదే కాలంలో వడ్ల సంగతి చూద్దాం. సాధారణ రకానికి మద్దతు ధర 2020-21లో క్వింటాలుకు 1,868 రూపాయలు. 2021-22లో 1,940. పెరిగింది 72 రూపాయలు. ఆ 72 కూడా చేతికొచ్చేదాకా నమ్మకం లేదు. తేమ ఎక్కువుందంటాడు ఒకడు, తాలు ఉందంటాడు ఇంకొకడు, గోనె సంచుల్లేవంటాడు మరొకడు. ఈ ధరకు చట్టం చెయ్యండి బాబూ అని 2020 నవంబర్ నుంచి ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ పొలిమేరల్లో సింఘూ, టిక్రీల దగ్గర ట్రాక్టర్ ట్రాలీల కింద పడుకున్నారు. అలా చేస్తే మార్కెట్ చచ్చిపోతుందని, ధర అనేది గిరాకీని బట్టి దానంతట అది తేలాలని టీవీల్లో పండితులు గొంతు చించుకున్నారు. ఆ చర్చ కోసం విమానమెక్కి ఢిల్లీ వెళ్ళిన పండితుడి జేబులో ఉన్న టికెట్టుకు మాత్రం మద్దతు ధర ఉంది.

రైతు చేసిన తప్పల్లా ఒక్కటే. పంటను నేల మీద పండించాడు.

ఒక మాట ముందే ఒప్పుకుందాం. 2020 మార్చి 24 అర్ధరాత్రి విమానాలు ఆగిపోయింది కంపెనీల పాపం వల్ల కాదు. ప్రభుత్వమే ఆపమంది, ఆగాయి. విమానం గూట్లో ఉన్నా లీజు అద్దె ఆగదు, పార్కింగ్ చార్జీ ఆగదు, సిబ్బంది ఇళ్ళల్లో పొయ్యి ఆగదు. నిజంగా కష్టమే. కష్టకాలంలో చెయ్యి చాచడం నామోషీ కూడా కాదు. చాచిన చెయ్యి ముందు ఎవరి జేబులోకి వెళ్ళిందన్నదే అసలు కథ.

మా ఇంటి కథే చెబుతాను. ఆ ఏప్రిల్‌లో విశాఖపట్నంలో మా బాబాయి గారి అమ్మాయి పెళ్ళి. హైదరాబాద్ నుంచి నాలుగు టికెట్లు జనవరిలోనే కొన్నాం. కంపెనీ పేరెందుకు లెండి, ఆ రోజుల్లో అందరిదీ అదే పాట. విమానం రద్దయింది. మీ డబ్బు ‘క్రెడిట్ షెల్’లో భద్రంగా ఉందని మెసేజీ వచ్చింది. షెల్ అంటే ఏమిటని మా అమ్మ అడిగింది. చిప్ప అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే మన డబ్బు తీసుకుని మన చేతిలోనే చిప్ప పెట్టారన్నమాట” అంది. ఆ పేరు పెట్టినవాడెవడో గాని నిజాయితీపరుడు.

ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆఖరికి ఒక అమ్మాయి పలికింది.

“మీ డబ్బు ఎక్కడికీ పోదు సార్. ఏడాదిలోపు ఎప్పుడైనా, ఎక్కడికైనా ఎగరొచ్చు.”

“ఎగరడానికి విమానాల్లేవు కదమ్మా?”

“వచ్చాక ఎగరండి సార్.”

“మాకు వెళ్ళాల్సింది ఈ నెల పెళ్ళికమ్మా.”

“ముహూర్తం మార్చుకునే సౌకర్యం మా దగ్గర లేదు సార్. ఇంకేమైనా సాయం చెయ్యగలనా?”

పాపం, ఆ అమ్మాయి జీతం కూడా అప్పటికి ఏ చిప్పలో ఉందో.

ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2020 అక్టోబర్ 1న తీర్పొచ్చింది. లాక్‌డౌన్‌కు ముందే టికెట్లు కొన్నవాళ్ళ డబ్బు పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నాం మహాప్రభో అనే కంపెనీ మాత్రం 2021 మార్చి 31 దాకా దాన్ని చిప్పలోనే ఉంచుకోవచ్చు. 2020 జూన్ ఆఖరు దాకా నెలకు అర శాతం, ఆ తర్వాత నెలకు ముప్పావు శాతం చొప్పున చిప్ప విలువ పెరగాలి. గడువులోపు వాడుకోకపోతే డబ్బు వెనక్కి ఇచ్చెయ్యాలి. కోర్టు ఆ మాత్రమన్నా దారి చూపించింది గనక సరిపోయింది.

కానీ జరిగిందేమిటో గమనించండి. మా ఊళ్ళో దీన్ని చేబదులంటారు. చేబదులు అడిగి తీసుకుంటారు. అడక్కుండా తీసుకుంటే దానికి వేరే పేరుంది. బ్యాంకు అప్పివ్వాలంటే ఆస్తి తాకట్టు అడుగుతుంది, జామీను అడుగుతుంది, మూడేళ్ళ లెక్కలు అడుగుతుంది. మేం ఏమీ అడగలేదు. అడగడానికి మేం అప్పిస్తున్నామన్న సంగతే మాకు తెలీదు. ప్రభుత్వం బెయిలవుట్ ఇచ్చిందా లేదా అని పేపర్లన్నీ చర్చిస్తున్న రోజుల్లో, తొలి బెయిలవుట్ మా అమ్మ పెన్షన్ డబ్బుల్లోంచి అప్పటికే వెళ్ళిపోయింది.

పెళ్ళి జూన్ మొదటి వారంలో, యాభై మంది మించకూడదన్న నిబంధన మధ్య, పెళ్ళికూతురి ఇంటి వాకిట్లో జరిగింది. మేం ఫోన్లో అక్షింతలు వేశాం. కంపెనీ మా డబ్బు తిరిగిచ్చింది తర్వాతి మార్చి ఆఖరి వారంలో. అప్పటికి పిల్ల పుట్టింది. పెళ్ళికి వెళదామని కట్టిన సొమ్ము బారసాలకు అందింది.

ఇక్కడ మీకు ఇంకొకావిణ్ణి పరిచయం చెయ్యాలి. అమీర్‌పేటలో హాస్టళ్ళ సందులో మెస్ నడిపే అక్క. మా మేనల్లుడు కోచింగ్‌కని వచ్చి అక్కడే తినేవాడు. నెలకు 3,000, ముందే కట్టాలి. 2020 మార్చి 25న హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. పిల్లలంతా బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. ఆంధ్రా వైపు బయల్దేరినవాళ్ళు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద ఇరుక్కుపోయారు. మావాడు అక్కడ కూర్చుని ఉండగా ఫోన్ టింగుమంది. అక్క 600 రూపాయలు ఫోన్‌పే చేసింది. ఆరు రోజుల తిండి బాకీ అట.

“ఇప్పుడెందుకక్కా, మళ్ళీ వచ్చాక సర్దుకుందాం” అన్నాడు వాడు.

“తినని అన్నానికి డబ్బులెట్టా ఉంచుకుంటాను నాయనా?” అంది అక్క.

ఆవిడకు ఆర్థిక ఇబ్బందులు లేవనుకునేరు. బియ్యం కొట్టులో బాకీ ఉంది, షెడ్డు అద్దె ఉంది, వంటమాస్టరు జీతం ఉంది, మళ్ళీ హాస్టళ్ళు ఎప్పుడు తెరుస్తారో తెలీదు. ఆవిడకు లేనిది ఒక్కటే. ఇలాంటప్పుడు దాన్ని క్రెడిట్ షెల్ అనాలని చెప్పే కన్సల్టెంటు.

నష్టాన్ని జనం నెత్తిన పెట్టే ఈ విద్యలో మనవాళ్ళు ఇంకా ఓనమాలే దిద్దుతున్నారు. పట్టా పుచ్చుకున్నది అమెరికా. 2017 సెప్టెంబర్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి డగ్ పార్కర్, ఇక మా కంపెనీకి ఎన్నటికీ నష్టాలు రావనుకుంటున్నానని మదుపుదారుల ముందు సెలవిచ్చాడు. శకునం మంచిది కాదని చెప్పే బల్లి ఆ హాల్లో లేనట్టుంది. 2020లో ఆ కంపెనీ నష్టం 890 కోట్ల డాలర్లు.

మంచి రోజుల్లో సంపాదించినదంతా ఏం చేశారని అడగాలి గదా? సొంత షేర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. అలా కొంటే షేరు ధర పెరుగుతుంది, ధర పెరిగితే పెద్దల బోనసులూ పెరుగుతాయి. 2014 నుంచి ఆ ఒక్క కంపెనీ ఇందుకు తగలేసింది 1,200 కోట్ల డాలర్ల పైమాట. తుఫాను వస్తే తలదాచుకోవడానికి గూడు కట్టుకొమ్మంటే, అద్దం కొనుక్కుని అందులో మొహం చూసుకున్నట్టయింది. తుఫాను రానే వచ్చింది. 2020 మార్చి 27న అమెరికా చేసిన చట్టంలో ప్రయాణికుల విమాన కంపెనీలకు జీతాల కోసం 2,500 కోట్ల డాలర్లు, అప్పులకని ఇంకో 2,500 కోట్ల డాలర్లు. అమెరికన్‌కు మొదటి విడతలో అందింది 580 కోట్లు. ఉద్యోగులను తీసెయ్యకూడదన్న షరతు సెప్టెంబర్ 30తో ముగిసింది. అక్టోబర్ 1న 19,000 మందిని ఇంటికి పంపించారు. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. విమానాలెలా నడిపినా ఆ పనిలో మాత్రం టైం పాటించారు.

ఇంగ్లండులో వర్జిన్ అట్లాంటిక్ అధిపతి రిచర్డ్ బ్రాన్సన్‌ది మరో లీల. సిబ్బందిని ఎనిమిది వారాలు జీతం లేని సెలవు తీసుకొమ్మన్నారు. ఆ పైన ప్రభుత్వం ఆదుకోవాలన్నారు. అవసరమైతే కరీబియన్ సముద్రంలో తాను నివసించే నెకర్ దీవిని తాకట్టు పెట్టి డబ్బు తెస్తానని 2020 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశారు. మనకు ఎకరం పొలమో, మెడలో పుస్తెలతాడో తాకట్టు పెట్టడమే తెలుసు. దీవిని తాకట్టు పెట్టుకునే షావుకారు మా ఊళ్ళో లేడు. అక్కడి ప్రభుత్వం అడిగిన సాయం ఇవ్వలేదు, ఆ కంపెనీ ప్రైవేటు సొమ్ముతోనే గట్టెక్కింది. అంటే లేదు పొమ్మన్నా విమానం ఎగురుతుందని తేలింది. ఈ సంగతి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మన దేశానికి వద్దాం. మనకు తాకట్టులో అంతకన్నా గొప్ప రికార్డుంది. దీవి కనీసం కంటికి కనిపిస్తుంది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు పేరును తాకట్టు పెట్టారు. అక్షరాలా పేరునే. ఆ బ్రాండు విలువ 4,000 కోట్ల పైచిలుకని లెక్కగట్టి చూపిస్తే, బ్యాంకులు తలూపాయి. 2011లో అప్పు తీరే దారి కనిపించకపోతే కొంత బాకీని షేర్లుగా మార్చుకున్నాయి. బజార్లో 40 రూపాయలు కూడా పలకని షేరును 64 రూపాయల 48 పైసలకు తీసుకున్నాయి. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని పావుగంట బేరమాడే జాతి మనది. మరి ఆ రోజు బ్యాంకు తరఫున బేరానికి ఎవరు వెళ్ళారో! 2012 అక్టోబర్‌లో కంపెనీ లైసెన్సు సస్పెండైంది. ఉద్యోగులకు నెలల జీతాలు బాకీ. 2015 డిసెంబర్‌లో గోవాలో అధిపతి విజయ్ మాల్యా అరవయ్యో పుట్టినరోజు వేడుక. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత మన పూర్వీకులు విమానాలు చూడకుండానే ఎలా చెప్పారో ఆశ్చర్యంగా ఉంటుంది. 2016 మార్చి 2న ఆయన లండన్ విమానమెక్కారు. అది మాత్రం రద్దు కాలేదు. ఆ ఏప్రిల్ 30న బ్యాంకులు ఆ పేరును 366 కోట్ల 70 లక్షల కనీస ధరకు వేలం వేశాయి. ఒక్కరంటే ఒక్కరూ పాడుకోలేదు.

ఇచ్చిన అప్పులో కొంత వదులుకోవడాన్ని బ్యాంకింగ్ భాషలో ‘హెయిర్‌కట్’ అంటారు. మన భాషలో క్షవరం అనే మాట ఎప్పటినుంచో ఉంది. తిరుమలలో తలనీలాలిస్తే మొక్కయినా తీరుతుంది.

ఇక విమాన కంపెనీల నిఘంటువులో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ‘తాత్కాలికం’. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం ఎగిరింది. సర్వీసులను తాత్కాలికంగా నిలిపేస్తున్నామని ప్రకటన. అంతకుముందు ఫిబ్రవరిలో బ్యాంకుల కోసం వేసిన ప్లాను ఇంకా ముచ్చటైనది. 11 కోట్ల 40 లక్షల కొత్త షేర్లు మొత్తం కలిపి ఒక్క రూపాయికి. అంతలోనే 400 కోట్ల అత్యవసర అప్పు కోసం కంపెనీ కాళ్ళావేళ్ళా పడింది, బ్యాంకులు ఇవ్వలేదు. ఆ తాత్కాలికం ఎంతకాలం నడిచిందో తెలుసా? అయిదున్నరేళ్ళు. 2024 నవంబర్ 7న ఆస్తులమ్మి దుకాణం మూసెయ్యమని సుప్రీంకోర్టు చెప్పేదాకా.

గో ఫస్ట్ ఇంకా పొదుపుగా మాట్లాడింది. 2023 మే 3 నుంచి మూడే మూడు రోజులు విమానాలు ఆపుతామంది. ఆ మూడు రోజులు అయ్యాక మే 9 దాకా అంది. తర్వాత 12 అంది, 19 అంది, 26 అంది. రేపు రమ్మని గోడ మీద రాసుకున్నవాణ్ణి మనం వెర్రివాడనుకున్నాం గాని, అతని దగ్గర వ్యాపార సూత్రం ఉంది. తప్పంతా ఇంజన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీదేనని కంపెనీ వాదన. ఉండొచ్చు. ఆర్థిక సంస్థలకున్న 6,521 కోట్ల బాకీ మాత్రం ఇక్కడిదే. ఇరవై నెలల తర్వాత, 2025 జనవరి 20న, లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి కంపెనీ మునిగినప్పుడు అప్పులవాళ్ళు వరుసలో నిలబడతారు. తాకట్టున్న బ్యాంకులు ముందు, ఏ కాగితమూ లేని ప్రయాణికుడు అట్టడుగున. బోర్డింగ్‌లోనూ అంతే గదా, ముందు బిజినెస్ క్లాసు.

ఇంత చూశాక కూడా ప్రభుత్వానికి దయ తగ్గలేదు. కరోనాలో చిన్న పరిశ్రమల కోసమని పెట్టిన అత్యవసర రుణ హామీ పథకంలోకి 2021 మేలో విమాన కంపెనీలనూ ఎక్కించుకున్నారు. అప్పు కంపెనీది, హామీ సర్కారుది. 2022 అక్టోబర్‌లో ఒక్కో కంపెనీకి పరిమితిని 400 కోట్ల నుంచి 1,500 కోట్లకు పెంచారు. చిన్న పరిశ్రమల పథకంలో విమాన కంపెనీలేమిటని అడక్కండి. ముప్పైవేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే అన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి.

సర్కారు సొంత విమానం సంగతి సరే సరి. 2012లో 30,231 కోట్లతో ఎయిరిండియాను నిలబెట్టే పథకం వేశారు. నిలబడలేదు. 2021లో టాటాలకు 18,000 కోట్లకు అమ్మినప్పుడు మొత్తం అప్పు 61,562 కోట్లు. టాటాలు నెత్తికెత్తుకున్నది 15,300 కోట్లు. మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వ కంపెనీ ఖాతాలోకి, అంటే మన ఖాతాలోకి వచ్చాయి. కొన్ని స్థలాలూ భవనాలూ మిగిలాయి, అవి అమ్మితే కొంత తీరుతుంది. కానీ అప్పు మటుకు లెక్కేస్తే పసికందుతో సహా తలకు 330 రూపాయలు. విమానం గాల్లో పోతుంటే కింద పొలంలో నిలబడి తలెత్తి చూసే ప్రతి కూలీ తలా కూడా అందులో ఉంది. ఎక్కకుండా టికెట్ కొనడమంటే ఇదే.

ఇప్పుడు నేల మీద నడిచే బస్సు సంగతి. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు. దాదాపు 48,000 మంది. డ్యూటీకి రానివాళ్ళు తమ ఉద్యోగాలు తామే పోగొట్టుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. నష్టాల్లో ఉన్న సంస్థను ఇంకెంతకాలం మోస్తామన్నారు. విమానం నష్టపోతే దేశ ప్రతిష్ఠకు సంబంధించిన సంగతి. బస్సు నష్టపోతే శని. పల్లె నుంచి జిల్లా ఆస్పత్రికి పోయే గర్భిణిని మోసింది ఏదో, బోర్డు మీటింగుకు పోయే బాబును మోసింది ఏదో అందరికీ తెలుసు. అయినా ఎవరు ఎవర్ని మోస్తున్నారన్న లెక్క మాత్రం ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

ఆపదలో జనాన్ని చేరవేసిన తీరులోనూ ఇంతే. 2020 మే 1న వలస కూలీల కోసం దేశంలో తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. అప్పటికి ఐదు వారాలుగా వాళ్ళు నడుస్తూనే ఉన్నారు. ఆ నెల 7 నుంచి విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కోసం వందే భారత్ మిషన్. పేరు వింటే మువ్వన్నెల జెండా రెపరెపలాడుతుంది. టికెట్ మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. చికాగో నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్‌కు లక్ష రూపాయలు. పని పోయి, గల్ఫ్‌లో గదికి పదిమందిగా బతుకుతున్న జగిత్యాల, కడప, కోనసీమల బిడ్డలు కూడా సొంత ఖర్చుతోనే రక్షించబడ్డారు. ఆ విమానాల్లో మధ్య సీటు నింపడం మీద వాదనలు జరిగినప్పుడు, కంపెనీల ఆరోగ్యం కన్నా ప్రజల ఆరోగ్యం గురించి ఎక్కువ ఆలోచించండని సుప్రీంకోర్టు మే 25న ప్రభుత్వానికి గుర్తు చెయ్యాల్సి వచ్చింది. అదే రోజున సీటుకు మద్దతు ధర మొదలైంది.

బెయిలవుట్ అంటే డబ్బు సంచే అనుకోకండి. ఒక్కోసారి రూలు సడలించినా చాలు. పైలట్లకు నిద్ర చాలడం లేదని, వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ, రాత్రి ల్యాండింగులు తగ్గిస్తూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు తెచ్చింది. పూర్తిగా అమలు 2025 నవంబర్ 1 నుంచి. అంటే కొత్త పైలట్లను తీసుకోవడానికి దాదాపు రెండేళ్ళ గడువు. అయినా డిసెంబర్ మొదటి వారంలో, పైలట్లు చాలక, దేశీయ ప్రయాణికుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా మోసే ఇండిగో విమానాలు వందలు, వేలుగా రద్దయ్యాయి. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసులు గుట్టలు పడ్డాయి. భువనేశ్వర్‌లో ఆగిపోయిన ఒక కొత్త జంట హుబ్బళ్ళిలో తమ సొంత రిసెప్షన్‌కు వీడియో కాల్‌లో హాజరైంది. పెద్దలు వేదిక మీద కూర్చుని తెర మీది దంపతులకు ఆశీస్సులిచ్చారు. దానికి ప్రభుత్వం ఏం చేసింది? చార్జీలకు పరిమితి పెట్టింది, రిఫండ్లకు గడువు పెట్టింది. మన శ్రీకాకుళం నుంచి వెళ్ళిన విమానయాన మంత్రిగారు కఠినంగానే మాట్లాడారు. ఆ పక్కనే, కొత్త నిబంధనల నుంచి ఆ కంపెనీకి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు కూడా ఇచ్చారు. పరీక్షకు చదవని పిల్లవాడు హాల్లో కుర్చీలు విరగ్గొడితే, పరీక్ష వాయిదా వేసినట్టు. ఈసారి ప్రభుత్వం అప్పిచ్చింది డబ్బును కాదు, పైలట్ల నిద్రను.

మరి ఆదుకోవద్దంటారా అని మీరడగవచ్చు. ఆదుకోవాలి. విమానాలు ఆగితే అవయవదానం ఆగుతుంది, మందులు ఆగుతాయి, వేలమంది లోడర్లు, క్లీనర్లు, డ్రైవర్లు వీధిన పడతారు. ఎలా ఆదుకోవాలో జర్మనీ చూపించింది. 2020లో లుఫ్తాన్సాకు 900 కోట్ల యూరోల సాయం ప్రకటించింది. ఊరికే ఇవ్వలేదు. 30 కోట్ల యూరోలు పెట్టి 20 శాతం వాటా తీసుకుంది. కంపెనీ కోలుకున్నాక 2022 సెప్టెంబర్‌కల్లా ఆ షేర్లన్నీ అమ్మేసి 76 కోట్ల యూరోలు లాభం చేసుకుంది. అప్పిచ్చిన ప్రభుత్వం లాభంతో బయటికి రావడం కూడా ఈ భూమ్మీద సాధ్యమేనన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే చెయ్యనివ్వండి, కనీసం అత్త పేర ఒక పత్రం రాయించండి.

అందుకే ఏలినవారికి మూడే మూడు విన్నపాలు. ప్రజల సొమ్ముతో ఏ విమాన కంపెనీని ఆదుకున్నా, అంతకు తగ్గ వాటా ప్రజల పేర రాయించండి. సాయం తీరేదాకా పెద్దల బోనసులు, డివిడెండ్లు ఆపించండి. అన్నిటికన్నా ముందు, ప్రయాణికుడు టికెట్‌కని ముందుగా కట్టిన డబ్బును విమానం ఎగిరేదాకా కంపెనీ ముట్టుకోకుండా విడి ఖాతాలో పెట్టించండి. అపార్ట్‌మెంటు కొనేవాళ్ళ కోసం రెరా చట్టంలో, కట్టిన సొమ్ములో 70 శాతం విడిగా ఉంచాలని రాసుకున్నారు గదా. గాల్లో మేడలు కట్టే బిల్డరుకు పెట్టిన రూలు గాల్లో తిరిగేవాడికి పెట్టడానికి ఏమడ్డం?

అమీర్‌పేట అక్క మెస్ మళ్ళీ తెరిచింది. మొన్న వెళ్ళినప్పుడు గల్లాపెట్టెలోంచి 2020 నాటి పద్దుల పుస్తకం తీసి చూపించింది. మార్చి పేజీలో నలభై మూడు పేర్లు. ప్రతి పేరుకు ఎదురుగా ఒకే అంకె, 600. ప్రతి అంకె పక్కన ఒక టిక్కు. ఆ ఏడాది ఆవిడకు ఏ ప్రభుత్వమూ ఏ సాయమూ చెయ్యలేదు. ఆ నలభై మూడు మందిలో ఆవిడ ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేదు.